సమాధానం: బస్సులో నాన్నగారికి షుగర్ రెండుసార్లు పడిపోయింది

ఖాళీ కడుపున వేసుకున్న గ్లిమెపిరైడ్ (షుగర్ తగ్గించే మందు) మాత్ర వల్లే మీ నాన్నగారి షుగర్ పడిపోయి ఉంటుంది. పర్లాకిమిడి నుంచి బరంపురం వెళ్తూ, దారిలో ఇబ్బందని టిఫిన్ మానేసి మాత్ర మాత్రం వేసుకున్నారని మీరే రాశారు. చెమటలు, వణుకు మొదలయ్యాక ఛెనాపోడ (పాలవిరుగుడుతో చేసే ఒడియా మిఠాయి) పెట్టారు. రుచికి తిరుగులేదు కానీ అందులోని కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి నెమ్మదిగా చేరుతుంది. చాక్లెట్టూ అంతే. మళ్లీ పడిపోతే ఇలా చేయండి:

1. షుగర్ మీటరులో 70 కంటే తక్కువ ఉంటే సుమారు 15 గ్రాముల గ్లూకోజు పొడి నీళ్లలో కలిపి తాగించండి. మీటరు లేకపోతే లక్షణాలు చూసి ఇచ్చేయండి.

2. 15 నిమిషాలు ఆగి మళ్లీ చూడండి. పెరగకపోతే మళ్లీ అంతే ఇవ్వండి.

3. చాలామంది వదిలేసేది ఇదే: పెరిగాక వెంటనే రెండు ఇడ్లీలో, కాస్త అన్నమో తినాలి. గ్లూకోజు త్వరగా ఖర్చయిపోతుంది, మాత్ర గంటల తరబడి పనిచేస్తూనే ఉంటుంది. "ఇప్పుడు బాగానే ఉంది కదా, దిగాక తింటాను" అంటారు పెద్దవాళ్లు. ఒప్పుకోకండి. రెండోసారి పడిపోయేది ఆ వ్యవధిలోనే.

మాత్రల అట్ట వెనక వోగ్లిబోస్ (పంచదార, పిండిపదార్థాలు అరగడాన్ని నెమ్మదింపజేసే మరో షుగర్ మందు) అని కూడా ఉందేమో చూడండి. ఉంటే పంచదార త్వరగా పనిచేయదు, గ్లూకోజే ఇవ్వాలి.

స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయండి.

ఒకే రోజు రెండుసార్లు పడింది కాబట్టి డాక్టరుకు ఈరోజే చెప్పండి, మోతాదు మార్చాల్సి రావచ్చు.