చిత్తూరు చెల్లెలికి: మిగిలిన ఊలుతో ఏం చేయాలి?

చిత్తూరు నుంచి అమెరికాకు వచ్చి ఆరు నెలలైంది, ఉద్యోగం చేసే అనుమతి లేదు, సంచి నిండా మిగిలిన ఊలు ఉండలున్నాయి, చలికి ఆగలేనివాళ్లకు వాటితో ఏమైనా అల్లి ఇవ్వవచ్చా అని అడిగావు. నిక్షేపంగా ఇవ్వవచ్చు తల్లీ. హెచ్-4 మీద, అంటే అక్కడ ఉద్యోగం చేసే భర్త లేదా భార్య వెంట వచ్చేవాళ్లకిచ్చే వీసా మీద ఉన్నవాళ్లు జీతం లేని సేవ ఎంతవరకు చేయవచ్చో ప్రభుత్వ వెబ్‌సైటులో చూసుకో. కానీ "ఆయన ఆఫీసుకు వెళ్లగానే తలుపు వేసుకుని అల్లుకుంటూ కూర్చుంటాను" అని చివర్లో రాశావే, ఆ ముక్క చదివి నా ప్రాణం చివుక్కుమంది.

2002లో తిరుపతి నుంచి అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని మిల్వాకీకి వెళ్లిన నేనూ అచ్చం అలాగే కూర్చున్నాను. పొద్దున పాలబ్బాయి మొదలు రాత్రి మేడమీద పక్కింటి అత్తయ్య దాకా పదిమందితో మాట్లాడిన నోరు అక్కడ మూతపడింది. ఆ చలికాలమంతా మిగిలిన ఊలుతో దుప్పటి అల్లాను. రంగులు కుదిరాయా అని చూశాను గాని, ఏది అసలు ఉన్ని, ఏది యాక్రిలిక్ అనే కృత్రిమ దారం అని చూడలేదు. నాలుగు నెలల పని. నిరాశ్రయులుండే ఒక వసతి గృహానికి పోస్టులో పంపాను. అక్కడ అన్నిటినీ వేడినీళ్లతో యంత్రంలోనే ఉతుకుతారట. ఉన్ని వరుసలు ముడుచుకుని అట్టకట్టాయి, యాక్రిలిక్ వరుసలు మాత్రం అలలు అలలుగా ఉబ్బాయి. పెట్టెలో పెట్టిన నా నంబరుకు ఒకావిడ ఫోను చేసి మర్యాదగానే చెప్పింది. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

నువ్వు ఆ తప్పు చేయకు. చీటీ పోయిన ఉండ ఉంటే చిన్న పోగు తుంచి, సింకు మీద పట్టకారుతో పట్టుకుని అంటించు. జుట్టు కాలిన వాసన వచ్చి, నలిపితే పొడి అయితే ఉన్ని. కరిగి గట్టి పూసలా మారితే యాక్రిలిక్. కాగితం కాలిన వాసన వస్తే నూలు. మూడూ మూడు సంచుల్లో వేరుచెయ్యి. యంత్రంలో పడే వాటికి యాక్రిలిక్ మేలు. సన్నపోగులుంటే రెండు కలిపి ఒకటిగా అల్లు. కొసలు ఆరంగుళాలు వదిలి కుట్లలోకి దూర్చు. పొట్టిగా కత్తిరిస్తే రెండో ఉతుకుకే బయటికొస్తాయి.

ధనుర్మాసంలో తిరుమల కొండమీద పుట్టువెంట్రుకలు తీయించిన పసివాళ్లను చూసే ఉంటావు. గంధం పూసిన గుండు, దానిమీద ఊలు టోపీ. మా అమ్మమ్మ ఆ టోపీలు అల్లితే దారం ముడులన్నీ బయటివైపుకు తెచ్చేది, లేత నెత్తికి గుచ్చుకుంటాయని. అమెరికా వెళ్లాక కాన్సర్ చికిత్సలో జుట్టు రాలినవాళ్లకు టోపీలు అల్లినప్పుడు నాకు దారి చూపింది ఆవిడే. వాళ్ల కోసమైతే గరుకు ఉన్ని ముట్టుకోకు, మెత్తనిదే ఏరుకో. పసిపిల్లల టోపీలకు గుండీలు, కుచ్చులు పెట్టకు. ఏమి తీసుకుంటారో ముందే అడిగి మొదలుపెట్టు.

ఇక దుప్పటి అంతా ఒక్కదానివే అల్లాలని పంతం పట్టకు. వార్మప్ అమెరికా అనే సంస్థ 1991లో మా విస్కాన్సిన్‌లోనే పుట్టింది. 7 అంగుళాల వెడల్పు, 9 అంగుళాల పొడవు ముక్కలు 49 కలిపితే వాళ్ల దుప్పటి. ఎవరెవరో అల్లిన ముక్కలు, మరెవరో కలిపి కుడతారు. ఆ లెక్క మొదటే తెలిసి ఉంటే నా నాలుగు నెలలు నాలుగు గోడల మధ్య గడిచేవి కావు.

మీ తరం వాళ్లకు వీడియోలో అమ్మ కనబడుతుంది, అదే తోడనుకుంటారు. అమ్మ ఫోను పెట్టేశాక గది మళ్లీ అంతే ఖాళీ. రెండో ఏడు మా పొరుగావిడ నన్ను గ్రంథాలయంలో అల్లికల బృందానికి తీసుకెళ్లింది. నా ఇంగ్లీషు తడబడేది, చేతులు తడబడలేదు. "ఈ కుట్టు ఎలా వేశావు?" అని ఒక పెద్దావిడ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. ఇరవై ఏళ్లు దాటాయి, ఇప్పుడు అక్కడ కొత్తవాళ్లకు నేర్పేది నేనే.

సెలవుకు తిరుపతి వచ్చి, అమ్మ పక్కన కూర్చుని నీకిది రాస్తున్నాను. ఉండలు వేరుచేసే పని తర్వాత చూసుకోవచ్చు. ముందు మీ ఊరి గ్రంథాలయానికి ఫోను చేసి అల్లేవాళ్లు ఏ రోజు కలుస్తారో కనుక్కో. సంచి తీసుకుని వెళ్లు, మొదటిరోజు ఏమీ మాట్లాడకపోయినా సరే, రెండు గంటలు కూర్చుని రా. అల్లిన టోపీలు కూడా పోస్టులో వేయకు, నువ్వే పట్టుకెళ్లి చేతికివ్వు.