క్లైన్‌లీష్, బ్రోరా: రెండూ ఒకటేనా?

1965లో కాచిన స్కాచ్ విస్కీ సీసా మీద క్లైన్‌లీష్ అనీ, 1972 నాటి దాని మీద బ్రోరా అనీ ఉంది, ఇవి వేర్వేరు డిస్టిలరీలవా అని అడిగారు. కాదు, రెండూ ఒకే చోట కాచినవే. మారింది పేరు.

ఉత్తర స్కాట్లండ్ తీరంలోని బ్రోరా ఊళ్లో 1819లో స్టాఫర్డ్ మార్క్విస్ దీన్ని కట్టించాడు. తర్వాత సదర్లండ్ డ్యూక్ అయింది ఈయనే. లోయల్లోని కౌలు రైతులను ఖాళీ చేయించి తీరానికి తరిమిన ఎస్టేటు కూడా ఆయనదే. వాళ్ల బార్లీ అమ్ముడుపోవాలి, దొంగసారా ఆగాలి; అందుకే ఈ బట్టీ. ఈ విస్కీ గురించి మాట్లాడేవాళ్లు ఆ ఖాళీ చేయింపులను మరిచిపోకూడదని నా పట్టుదల.

1967–68లో గిరాకీ పెరిగి పక్కనే ఆరు రాగి స్టిళ్లతో (విస్కీ కాచే పాత్రలతో) కొత్తది కట్టి, క్లైన్‌లీష్ పేరు దానికిచ్చారు; పాతదాన్ని తర్వాత బ్రోరా అన్నారు. రెండే స్టిళ్లున్న పాతది 1968లో మూతపడింది. కానీ బ్లెండ్లలో (పలు విస్కీలు కలిపి చేసే వాటిలో) కలపడానికి ఐలా ద్వీపపు పొగ వాసన మాల్టు విస్కీ చాలకపోవడంతో 1969లో మళ్లీ తెరిచి, పీట్ (చిత్తడి నేలల్లో తవ్వి తీసి కాల్చే మట్టి) పొగ బాగా పట్టించిన బార్లీతో కాచారు. 1972 సరుకుకు అంత పేరు రావడానికి కారణం ఆ పొగే. 1973 తర్వాత పొగ చాలావరకు తగ్గింది. బ్రోరా 1983లో మూతపడి, 2021 మేలో మళ్లీ మొదలైంది.

కొనేటప్పుడు సీసాలో నింపిన ఏడాది కాదు, కాచిన ఏడాది చూడండి. అది లేకపోతే నింపిన ఏడాదిలోంచి వయసు తీసేయండి: 1972లో నింపిన 12 ఏళ్లది 1960కో అంతకు ముందో కాచినది, అంటే పాత డిస్టిలరీదే. చిక్కు 1969 తర్వాతి కొన్నేళ్లతోనే. అప్పటికింకా పాతదాన్ని కూడా క్లైన్‌లీష్ అనేవారు. పీట్ పొగ దట్టంగా ఉంటే పాతదని అనుమానించవచ్చు, అంతే; అమ్మేవాళ్లను ఏ డిస్టిలరీదో రాతపూర్వకంగా అడగండి.

ఇక కొత్త క్లైన్‌లీష్‌కు గుర్తు మైనం లాంటి నునుపు. రెండోసారి కాచే ముందు ద్రవాన్ని నిలవ ఉంచే ట్యాంకు గోడలకు జిడ్డు పేరుకుంటుంది, నునుపు అక్కడి నుంచే వస్తుంది. ఒకసారి ఆ ట్యాంకును శుభ్రంగా కడిగేస్తే సరుకులో ఆ గుణమే పోయింది. 14 ఏళ్ల సీసా 46 శాతం ఆల్కహాల్‌తో వస్తుంది. మొదటి గుక్క ఐసు లేకుండా తాగండి, చల్లబడితే ఆ నునుపు నాలుకకు అందదు.