పేర్చబడతాయా, ఒదుగుతాయా?

సందేహం: 'సర్ఫాక్టెంట్ అణువులు నీటిలో దగ్గరగా పేర్చబడి మిసెల్ ఏర్పరచబడుతుంది' అని విద్యార్థులకు పాఠం రాశాను. 'పేర్చబడి'కి బదులు 'పేరుకొని' అనవచ్చునా?
– రసాయనశాస్త్ర అధ్యాపకురాలు, మద్దిలపాలెం, విశాఖపట్నం

సమాధానం: 'పేర్చు' అన్నప్పుడు పేర్చే చెయ్యి ఒకటి ఉండాలి. మిసెల్ (సర్ఫాక్టెంట్ అణువులు గుమిగూడిన సూక్ష్మమైన గుంపు) విషయంలో అది లేదు. సబ్బు, డిటర్జెంట్ వంటి సర్ఫాక్టెంట్ అణువుకు నీటితో పొసగే తల, పొసగని హైడ్రోకార్బన్ తోక ఉంటాయి. ఆ తోకల చుట్టూ కట్టుబడిన నీటి అణువులకు స్వేచ్ఛ దొరికి ఎంట్రోపీ (క్రమరాహిత్యం) పెరగాలంటే తోకలన్నీ నీటికి ఎడంగా ఒకచోట చేరాలి కనుక, తగిన గాఢత రాగానే అణువులు తమంత తామే కూడతాయి. సోడియం డోడెసిల్ సల్ఫేటు అనే సర్ఫాక్టెంటుకు 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆ గాఢత లీటరుకు సుమారు 8 మిల్లీమోల్‌లు. కర్మణి ప్రయోగం ('బడు' చేర్చి చెప్పడం) ఇక్కడ వ్యాకరణ దోషం కాకపోయినా అర్థానికి అడ్డం వస్తోంది. 'ఏర్పరచబడుతుంది' మరీ చిత్రం: 'ఏర్పడు'ను 'ఏర్పరచు' చేసి, దానికి మళ్ళీ 'బడు' తగిలించి, తిరిగి తిరిగి మొదటికే వచ్చాం.

'పేరుకొను' కూడా నప్పదు. ఆ మాటలో గట్టిపడడం, కదలక నిలిచిపోవడం ఉన్నాయి. మన సముద్రపు నీటిలో మామూలు సబ్బు రుద్దితే, కాల్షియం, మెగ్నీషియం అయాన్లతో కలిసి కరగని తెట్టు పేరుకుంటుంది. అక్కడ ఆ మాట సరిగ్గా అతుకుతుంది. మిసెల్‌లోనైతే మైక్రోసెకన్ల వ్యవధిలోనే అణువులు బయటికి పోతూ, కొత్తవి వచ్చి చేరుతూ ఉంటాయి.

నా మొగ్గు 'ఒదుగు' వైపు. ఉన్న చోటుకు తగినట్టు సర్దుకోవడం దాని అర్థం. మిసెల్ ఆకారాన్ని తేల్చేదీ అదే. తోక ఘనపరిమాణాన్ని, తల ఆక్రమించే వైశాల్యం, తోక పొడవుల లబ్ధంతో భాగిస్తే వచ్చే విలువ 1/3 కన్నా తక్కువైతే గోళం, 1/3కూ 1/2కూ నడుమ ఉంటే కడ్డీ, ఆపైన 1 వరకు ద్విపొర ఏర్పడతాయని 1976లో ఇస్రేలాష్విలి, మిచెల్, నిన్‌హామ్ చూపారు. ఉప్పు కలిపితే అయానిక తలల మధ్య వికర్షణ తగ్గి, అవి మరింత దగ్గరగా ఒదిగి, గోళం కడ్డీగా సాగవచ్చు.

ఇక 'అణువులు ఒదిగి మిసెల్ ఏర్పడుతుంది' అంటే, క్త్వార్థకానికీ ('ఒదిగి' వంటి అసమాపక రూపం) సమాపక క్రియకూ ('ఏర్పడుతుంది') కర్త ఒకటే కావాలన్న నియమం తప్పిందని ఎవరైనా ఆక్షేపించవచ్చు. 'వానలు కురిసి చెరువులు నిండాయి' అని కారణార్థంలో అందరం అంటాం. నాకది తప్పుగా తోచదు. అయినా ఇది పాఠం కనుక, 'సర్ఫాక్టెంట్ అణువులు నీటిలో తోకలు లోపలికి, తలలు బయటికి ఉండేలా ఒదిగి, మిసెల్‌గా ఏర్పడతాయి' అని రాయండి.