ప్రేమించిన అమ్మాయి తోటి ఉద్యోగి బండి మీద ఇంటికొస్తే వద్దనడం తప్పా?

తమ్ముడూ, రాత్రి డ్యూటీ అయ్యాక నువ్వు ప్రేమించిన అమ్మాయిని ఆఫీసులో ఒకతను బండి మీద దింపుతున్నాడని, ప్రేమలో ఉన్న ఆడపిల్ల అలా రావడం నైతికంగా తప్పు కాదా అని అడిగావు. ఆమెకి తెలియకుండా ఫోన్‌లో లొకేషన్ యాప్ వేయాలనిపిస్తోందనీ రాశావు. చదివాక మనసు కుదురుగా లేదు. పదేళ్ల కిందట ఇదే విశాఖలో ఇవే మాటలు నేనూ అన్నాను.

మాది గాజువాక. నేను ప్రేమించిన అమ్మాయిది గోపాలపట్నం, ఉద్యోగం రుషికొండలో. షిఫ్టు అయ్యేసరికి రాత్రి పది దాటేది. మద్దిలపాలెం వచ్చి అక్కడ బస్సు మారాలి. ఆ వేళప్పుడు ఒక్కర్తీ బస్సు కోసం నిలబడటం ఎలా ఉంటుందో నేను ఒక్కనాడూ ఆలోచించలేదు. గోపాలపట్నం దగ్గరి ఎన్‌ఏడీ జంక్షన్ వైపు వెళ్లే తోటి ఉద్యోగి దింపుతున్నాడని తెలిసిన రోజు నుంచి మాత్రం నాకు కడుపులో మంట. నాది నైట్ డ్యూటీ. నేను వెళ్లి తీసుకురాలేను, వేరేవాడు తెస్తే ఓర్చుకోలేను.

అయినా ‘నాకు కుళ్లుగా ఉంది’ అని ఒక్కసారీ అనలేదు. అనడానికి నామోషీ. ‘ఇది పద్ధతి కాదు’, ‘మా అమ్మ చూస్తే ఏటనుకుంటాది’, ‘నలుగురూ ఏమంటారు’ అని రోజూ అదే పాట. భయం నాది. దానికి నీతి అని పేరు పెట్టి ఆమె నెత్తిన రుద్దాను. అదే సమయంలో డిగ్రీలో నాతో చదివిన అమ్మాయితో నేను గంటలు గంటలు ఫోన్‌లో మాట్లాడేవాణ్ణి. అది స్నేహమే, నిజంగానే. కానీ నా ప్రేయసి స్నేహానికి నేను పెట్టిన కొలత నాకు నేనెప్పుడూ పెట్టుకోలేదు.

ఒక ఆదివారం తెన్నేటి పార్కులో మళ్లీ అదే గొడవ. ఆమె ఫోన్ లాక్ తీసి నా చేతిలో పెట్టింది. ‘ఏటి చూస్తావో చూసుకో’ అంది. నేను చూశాను. చూడకుండా తిరిగి ఇచ్చేసి ఉంటే బాగుండునని ఇప్పటికీ అనుకుంటాను. అతనితో చాటింగ్‌లో ఉన్నదల్లా ‘గేటు దగ్గరున్నా’, ‘బయల్దేరావా’, నెలాఖరులో పెట్రోలు డబ్బుల లెక్క. దాని కింద వాళ్ల అక్కకి పంపిన మెసేజ్ కనబడింది: ‘అతని ఫోన్ వస్తే ఎత్తాలంటే భయమేస్తందే.’ అతను అంటే నేనే.

యాప్ సంగతి మాత్రం మనసులోంచి తీసేయ్. ఒక మహిళ ఇంటర్నెట్, ఈమెయిల్, ఇతర ఎలక్ట్రానిక్ సంభాషణల మీద నిఘా పెట్టడాన్ని కూడా వెంటాడటం కిందే లెక్కిస్తూ 2013లో భారత శిక్షా స్మృతి (ఐపీసీ)లో 354డి సెక్షన్ చేర్చారు. 2024 జూలై 1 నుంచి అది ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్. మొదటిసారి రుజువైతే మూడేళ్ల వరకు జైలు. ప్రేమికుడివని నీకు మినహాయింపేమీ రాసిలేదు. జైలు మాట అటుంచు, తెలిసిన రోజున ఆమె నీ ముఖం చూడగలదా?

అలాగని ఏదీ ఆశించకూడదని అనను. ఒకరితో ప్రేమ నడుపుతూ ఇంకొకరికి ఆశ చూపడం, అబద్ధాలాడటం తప్పే, ఎవరు చేసినా. ఇద్దరూ కూర్చుని ఒప్పుకున్న మాట తప్పితే నిలదీసే హక్కు నీకుంది. కానీ నువ్వు ప్రేమించిన అమ్మాయి ఎవరు దింపుతున్నారో తనే నీకు చెప్పింది కదా. దాచలేదు. నువ్వు మనసులో రాసుకుని ఆమెకి చదివి వినిపించని షరతుకి ఆమెని దోషిని చేస్తున్నావు.

పార్కు తర్వాత నేను క్షమాపణ అడిగాను, ఆమె క్షమించింది కూడా. కానీ ఆ భయం పోలేదు. నా ఫోన్ వస్తే గొంతు సర్దుకుని మాట్లాడేది. ఎనిమిది నెలలకి విడిపోయాం.

నువ్వు ఆమెతో ‘నాకు కుళ్లుగా ఉంది, నువ్వు దూరమవుతావేమోనని భయంగా ఉంది’ అని ఉన్నదున్నట్టు చెప్పు. నీకు బండి ఉందన్నావు, పగటి ఉద్యోగమే అన్నావు. వారానికి రెండు రోజులైనా నువ్వే వెళ్లి తీసుకురా, కాపలాకి కాదు. రాత్రిపూట బీచ్ రోడ్డు మీదుగా వస్తే అరగంట మాట్లాడుకోవచ్చు. ఆ అరగంట మాకు ఒక్క రోజూ దొరకలేదు.