పెట్రోలు ఆదాతో కొత్త ఈవీ ఈఎంఐ తీరుతుందా?

ప్రశ్న: మాది నెల్లూరు. చాలా ఏళ్లుగా చెన్నైలో ఉంటున్నాం. ఓఎంఆర్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్నాను. వయసు 38, ఇద్దరు పిల్లలు. చేతికి వచ్చే జీతం 1.90 లక్షలు, పెరుంబాక్కంలో కొన్న ఫ్లాట్‌కు ఈఎంఐ 52,000. నా దగ్గర 2018 నాటి స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ 230 ఉంది. నెలకోసారి నెల్లూరు వెళ్లిరావడంతో కలిపి నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరుగుతాను. పెట్రోలుకే 11,000 అవుతోంది. ఇప్పుడు టైర్లు, బ్రేకు డిస్కులు, గేర్‌బాక్స్ సర్వీసు కలిపి 1.80 లక్షల ఖర్చు ఉందన్నారు. దీనికి తోడు 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు భయం ఒకటి. ఈ కారును డీలరుకు 14 లక్షలకు ఇచ్చేసి, మహీంద్రా ఎలక్ట్రిక్ కారు (ఈవీ) బీఈ 6లో 79 కిలోవాట్ అవర్ల బ్యాటరీ ఉన్న మోడల్ తీసుకోవాలని ఉంది. బీమా, ఛార్జరుతో కలిపి 29 లక్షలు చెప్పారు. మిగతా 15 లక్షలకు అయిదేళ్ల లోను తీసుకుంటే పెట్రోలు ఆదాతోనే ఈఎంఐ తీరిపోతుందనీ, పన్ను మినహాయింపు కూడా వస్తుందనీ షోరూమ్‌లో అన్నారు. అత్యవసరాలకు 2 లక్షలు, మ్యూచువల్ ఫండ్లలో 8 లక్షలు ఉన్నాయి. ముందుకు వెళ్లమంటారా?

జవాబు: ఇప్పుడు వద్దండి. రెండున్నరేళ్లు ఆగి, ఇదే కారును అప్పు లేకుండా కొనుక్కునే దారి మీకు ఉంది. అదేమిటో చెప్పే ముందు, ఇప్పుడు ఎందుకు వద్దంటున్నానో లెక్కతో సహా చూపిస్తాను.

మీరు ఎంచుకున్న కారు మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు. కంపెనీలు చెప్పిన అంకెల ప్రకారం మీ ఆర్‌ఎస్ 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి 6.8 సెకన్లు పడితే, బీఈ 6కు 6.7 సెకన్లు చాలు. నడపడంలోని ఆనందం కోసం కారు కొనేవారు మీరు. ఆర్‌ఎస్‌ను ఇన్నేళ్లు అట్టిపెట్టుకున్నారంటేనే ఆ సంగతి తెలుస్తోంది. ఆ ఆనందానికి డబ్బు పెట్టడం తప్పని నేను అనను. అది ఆనందానికి పెట్టే డబ్బని తెలిసి పెట్టాలి. పెట్రోలు ఆదా అనే పేరుతో అప్పులోకి దిగకూడదు.

ముందు కరెంటు లెక్క. షోరూమ్‌లో యూనిట్‌కు ఆరు రూపాయలు వేసి చూపించే అలవాటు ఉంది. చెన్నై ఇళ్లలో అది కుదరదు. తమిళనాడులో కరెంటు బిల్లు రెండు నెలలకోసారి వస్తుంది, వాడకం పెరిగేకొద్దీ స్లాబు మారి యూనిట్ ధర పెరుగుతుంది. రెండు ఏసీలున్న ఇల్లు వేసవిలో 600 యూనిట్లకు చేరడం మామూలే. కారు వాడుకునే కరెంటు ఆ 600 పైన వచ్చి కూర్చుంటుంది. అక్కడ యూనిట్ దాదాపు 10 రూపాయలు, 800 దాటితే 11కు దగ్గర. ఛార్జింగ్‌లో పోయేది కూడా కలుపుకొని వంద కిలోమీటర్లకు 18 యూనిట్లు అనుకుంటే, మీ వెయ్యి కిలోమీటర్లకు నెలకు 180, ఒక బిల్లుకు 360 యూనిట్లు. అంటే నెలకు దగ్గర దగ్గర 1,900 రూపాయలు. అప్పుడప్పుడు హైవే మీద ఫాస్ట్ ఛార్జరు వాడతారు, అక్కడ యూనిట్ ధర ఇంటికి రెట్టింపు ఉంటుంది. మొత్తం 2,500 వేద్దాం. ఇప్పటి 11,000లోంచి ఇది తీసేస్తే మిగిలేది 8,500. సర్వీసు ఖర్చులో కూడా కొంత మిగులుతుంది కానీ, అది బీమాకు సరిపోతుంది. ఎదుటివారికి జరిగే నష్టానికి కట్టే థర్డ్ పార్టీ ప్రీమియం 2022లో ప్రకటించిన రేట్ల ప్రకారం మీ రెండు లీటర్ల ఇంజనుకు ఏడాదికి 7,897 అయితే, 65 కిలోవాట్లు దాటిన మోటారున్న ఈవీకి 6,712. తేడా స్వల్పమే. సొంత నష్టానికి కట్టే ప్రీమియం మాత్రం కారు విలువను బట్టి ఉంటుంది, కొత్త కారుకు అది బాగా ఎక్కువ.

15 లక్షలకు 9 శాతం వడ్డీతో అయిదేళ్లకు ఈఎంఐ దాదాపు 31,100. పెట్రోలులో మిగిలేది 8,500. మిగతా 22,600 నెలనెలా మీ జీతంలోంచే వెళ్లాలి. ఏడేళ్లకు పెడితే ఈఎంఐ 24,100కు దిగుతుంది కానీ, వడ్డీ 3.70 లక్షల నుంచి 5.30 లక్షలకు చేరుతుంది. ఆ దారి అసలు చూడకండి.

ఇక అసలు విషయం తరుగుదల. చాలామంది లెక్కలో దీన్ని వేయరు, ఎందుకంటే ఇది నెలనెలా ఖాతాలోంచి పోదు. కారు అమ్మే రోజున ఒకేసారి కనిపిస్తుంది. మీ ఆర్‌ఎస్ విలువలో పెద్ద పతనం మొదటి కొన్నేళ్లలోనే అయిపోయింది. దీనికి ఇష్టపడి వెతుక్కునే కొనుగోలుదారులు ఉన్నారు, కాబట్టి ఇకపై నెమ్మదిగానే తగ్గుతుంది. ఇప్పుడు 14 లక్షలైతే అయిదేళ్ల తర్వాత 8.50 లక్షలు వస్తాయని నా అంచనా. ఈవీల విషయం వేరు. ఏటా మెరుగైన బ్యాటరీతో కొత్త మోడళ్లు వస్తున్నాయి. వాటిని చూసి పాత మోడళ్ల ధర పడిపోతోంది. 29 లక్షలు పెట్టిన కారుకు అయిదేళ్ల తర్వాత 12 లక్షలు వస్తాయనే నేను లెక్క వేసుకుంటాను. అంతకంటే ఎక్కువ వస్తే సంతోషమే.

ఇప్పుడు అయిదేళ్లకు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఆర్‌ఎస్ ఉంచుకుంటే తరుగుదల 5.50 లక్షలు, పెట్రోలు 6.60, ఇప్పటి మరమ్మతు 1.80, ఆ తర్వాతి సర్వీసులూ చిల్లర మరమ్మతులూ 3, బీమా 2.25. మొత్తం దాదాపు 19 లక్షలు. బీఈ 6 కొంటే తరుగుదల 17 లక్షలు, వడ్డీ 3.70, కరెంటు 1.50, సర్వీసు, టైర్లు 1.20, మొదటి ఏడాది తర్వాతి బీమా 2.80. మొత్తం 26 లక్షల పైన. ఏడు లక్షల తేడా, అంటే నెలకు 11,700.

ఈ తేడా పూడాలంటే మీరు నెలకు 2,400 కిలోమీటర్ల దాకా తిరగాలి. రోజూ శ్రీపెరుంబుదూరు వెళ్లివచ్చే ఉద్యోగమైతే నా జవాబు వేరుగా ఉండేది. పెరుంబాక్కం నుంచి ఓఎంఆర్‌కు వెళ్లివచ్చే మీకు ఆ దూరం రాదు.

ఇక్కడ ఒక మాట స్పష్టం చేయాలి. మీరు ఎలాగూ కొత్త కారే కొనాల్సి వచ్చి, పెట్రోలా ఈవీనా అని అడిగి ఉంటే, సందేహం లేకుండా ఈవీ వైపే చెప్పేవాణ్ని. పెద్ద పెట్రోలు కార్ల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 40 శాతం, ఈవీల మీద 5 శాతమే. తమిళనాడులో 20 లక్షలు దాటిన పెట్రోలు కారుకు రోడ్డు ట్యాక్సే 20 శాతం. బ్యాటరీ కార్లకు ప్రభుత్వం గడువు పెడుతూ, పొడిగిస్తూ మినహాయింపు ఇస్తూ వచ్చింది. 27 లక్షల కారు మీద అది అయిదు లక్షల పైమాట. కాబట్టి కొత్తదానికి కొత్తది పోల్చితే ఈవీదే పైచేయి. మీ పోలిక అది కాదు, అప్పు తీరిపోయిన పాత కారుకూ అప్పుతో వచ్చే కొత్త కారుకూ మధ్య. మీరు ఎప్పుడు కొన్నా కొటేషన్‌లో రోడ్డు ట్యాక్స్ గడిలో ఎంత వేశారో చూసి గానీ బుకింగ్ సొమ్ము కట్టకండి.

షోరూమ్‌లో చెప్పిన పన్ను మినహాయింపు మీకు రాదు. అది సెక్షన్ 80ఈఈబీ. ఈవీ లోను వడ్డీ మీద ఏడాదికి 1.50 లక్షల దాకా తగ్గింపు ఉండేది. 2019 ఏప్రిల్ 1 నుంచి 2023 మార్చి 31 లోపు మంజూరైన లోన్లకే అది వర్తిస్తుంది. 10 లక్షలు దాటిన కారు మీద షోరూమ్ వసూలు చేసే 1 శాతం పన్నును (టీసీఎస్) మాత్రం రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు, ఆ కాగితం భద్రంగా ఉంచుకోవాలి. మీ కంపెనీలో కారు లీజు సౌకర్యం ఉంటే హెచ్‌ఆర్‌ను అడగండి. లీజు అద్దె పన్నుకు ముందు జీతంలోంచి పోతుంది కాబట్టి కొంత కలిసి వస్తుంది. అయితే మధ్యలో ఉద్యోగం మారితే మిగిలిన సొమ్ము ఎవరు కట్టాలో ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది మీ ఉత్తరం చివరన ఉన్న అంకె. అత్యవసరాలకు 2 లక్షలు. ఇంటి ఈఎంఐ, పిల్లల ఫీజులు, ఇంటి ఖర్చులు కలిపితే మీకు నెలకు 1.20 లక్షలకు తక్కువ కాదు. అంటే మీ దగ్గర ఉన్నది రెండు నెలలకు కూడా చాలదు. దీనిమీద కారు ఈఎంఐ కలిస్తే రెండు ఈఎంఐలకే జీతంలో 44 శాతం పోతుంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఒకటి పోయి మరొకటి దొరకడానికి ఎన్ని నెలలు పడుతోందో మీ చుట్టూ ఉన్నవారిని చూస్తే మీకే తెలుస్తుంది. నాకు మీ కారు కంటే మీ ఇల్లు ముఖ్యం. 8 లక్షల ఫండ్లను కూడా కారు కోసం కదపకండి. ఈక్విటీ ఫండ్లైతే ఏడాదికి 1.25 లక్షలు దాటిన దీర్ఘకాలిక లాభం మీద 12.5 శాతం పన్ను ఉంది. అంతకంటే పెద్ద నష్టం, పిల్లల చదువుకు పెరగాల్సిన సొమ్ము తరిగిపోయే కారులోకి వెళ్లడం.

ఈ20 గురించి మీ ఆందోళన అర్థం లేనిది కాదు. మీ కారు ఆ పెట్రోలు కోసం తయారైనది కాదు. మైలేజీ కొన్ని శాతం తగ్గుతుంది. కొన్ని పాత బళ్లలో 20,000 నుంచి 30,000 కిలోమీటర్ల తర్వాత కొన్ని రబ్బరు భాగాలు, గాస్కెట్లు మార్చాల్సి రావచ్చని పెట్రోలియం శాఖే 2025 ఆగస్టులో చెప్పింది. సర్వీసుకు ఇచ్చినప్పుడల్లా ఇంధన గొట్టాలు చూడమని మెకానిక్‌కు చెప్పండి. వేల రూపాయల ఖర్చు అది, 15 లక్షల అప్పుకు కారణం కాదు.

మరి ఏం చేయాలి? నెలకు 31,000 ఈఎంఐ కట్టగలనని మీరే అనుకున్నారు కదా, ఆ 31,000ను వచ్చే నెల నుంచే వేరే ఖాతాలోకి పంపండి. మొదటి ఆరు నెలల సొమ్ము మరమ్మతుకు. టైర్లు, బ్రేకులు ముందు, వాటిని వాయిదా వేయకూడదు. గేర్‌బాక్స్ సర్వీసు తర్వాత. ఆపై రెండేళ్లు నెలకు 11,000 అత్యవసర నిధికి, 20,000 రికరింగ్ డిపాజిట్‌లోకి. అప్పటికి అత్యవసర నిధి 4.60 లక్షలు దాటుతుంది, డిపాజిట్ వడ్డీతో కలిసి 5 లక్షలు దాటుతుంది. ఆర్‌ఎస్‌కు అప్పుడు 11 లక్షలు వచ్చినా చేతిలో 16 లక్షలు ఉంటాయి. ఇప్పుడు మీరు కొత్తగా కొనాలనుకుంటున్న కారే ఆ నాటికి మూడేళ్ల వయసుతో ఆ ధర చుట్టుపక్కల దొరుకుతుందని నా నమ్మకం. తరుగుదల మొదటి యజమాని భరించి ఉంటారు. బ్యాటరీ వారంటీ సంగతి గమనించండి. ఈ కారుకు కంపెనీ ఇచ్చే జీవితకాల వారంటీ మొదటి సొంతదారుకే. చేతులు మారితే 10 ఏళ్లు లేదా 2 లక్షల కిలోమీటర్లు. మీ వాడకానికి అది ధారాళంగా సరిపోతుంది.

ఈలోగా చేయాల్సిన పని ఒకటుంది. ఎలక్ట్రీషియన్‌ను తీసుకెళ్లి మీ మీటరు బోర్డు నుంచి పార్కింగ్ దాకా ఎన్ని మీటర్ల కేబుల్ పడుతుందో కొలిపించండి. 7.2 కిలోవాట్ల ఛార్జరుకు మీ ఇంటి మంజూరైన లోడు చాలుతుందో లేదో అడగండి. అసోసియేషన్ అనుమతి కాగితం మీద తీసుకోండి. పార్కింగ్ బేస్‌మెంట్‌లో ఉంటే మరీ జాగ్రత్త. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకు పెరుంబాక్కం, పళ్లికరణై ఎలా మునిగాయో మీరు చూసే ఉంటారు. భారీ వర్షసూచన రాగానే జనం వేళచ్చేరి ఫ్లైఓవర్ మీద కార్లు వరసగా నిలిపేది అందుకే. ఈవీ బ్యాటరీకి నీరు చొరకుండా సీలు ఉంటుంది, అయినా గంటల తరబడి నీళ్లలో నిలిపేందుకు కాదు. బీమాలో బ్యాటరీ రక్షణ అనుబంధం తప్పనిసరి. ఇప్పుడున్న ఆర్‌ఎస్ నేలకు దగ్గరగా ఉండే కారు, దానికి ఇంజన్ రక్షణ ఉందో లేదో ఈ వారమే పాలసీ తీసి చూడండి. నెల్లూరు ప్రయాణం గురించి దిగులు వద్దు. పెద్ద బ్యాటరీతో వెళ్లి రావచ్చు. అమ్మానాన్నల ఇంట్లో ఏసీకి వాడే పెద్ద సాకెట్‌కు రాత్రంతా పెట్టినా తిరుగు ప్రయాణంలో చాలా భాగానికి సరిపోతుంది.

ఈ మధ్యలో ఆర్‌ఎస్‌కు ఇంజనో గేర్‌బాక్సో పూర్తిగా పోయి నాలుగైదు లక్షల బిల్లు వస్తే మళ్లీ రాయండి, లెక్క మారుతుంది. అప్పుడు కూడా కారు అమ్మిన సొమ్ముకు మించకుండా టాటా నెక్సాన్ ఈవీ లాంటిది చూద్దాం, లోను వద్దు.

అమ్మేటప్పుడు డీలరు చెప్పిన మొదటి ధరకు ఇవ్వకండి. సర్వీసు రికార్డులన్నీ ఉన్న ఆర్‌ఎస్‌కు నేరుగా కొనేవారు డీలరు కంటే ఎక్కువే ఇస్తారు. యాజమాన్య బదిలీకి ఇచ్చే ఫారం 29, 30 మీద సంతకాలయ్యాక ఆర్‌సీ కొత్త పేరు మీదికి మారిందని చూసుకునేదాకా వెంటపడండి, ఫాస్టాగ్ మూసేయండి. బీమా కంపెనీ నుంచి నో క్లెయిమ్ బోనస్ పత్రం అడిగి తీసుకోండి. అయిదేళ్లు క్లెయిమ్ లేకుండా గడిచి ఉంటే, తర్వాత కొనే కారు సొంత నష్టం ప్రీమియంలో 50 శాతం తగ్గుతుంది. ఆ పత్రం మూడేళ్లు చెల్లుతుంది.