ముందు మాటలా, లిపా?

ప్రశ్న: ఈ మధ్యే జపనీస్ నేర్చుకోవడం మొదలుపెట్టి, ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకున్న పదాలను బట్టీ పడుతున్నాను. ‘సుమిమసెన్’కు ఒకచోట ‘క్షమించండి’ అనీ, మరోచోట ‘ధన్యవాదాలు’ అనీ అర్థం కనిపించింది. ఏది సరైనది? లిపిని తర్వాత నేర్చుకోవచ్చా?

జవాబు: రెండూ సరైనవే. దారిలో ఎవరికైనా తగిలినప్పుడు, హోటల్లో సిబ్బందిని పిలిచేటప్పుడు, మన కోసం ఎవరైనా శ్రమ తీసుకున్నప్పుడు జపనీయులు ఈ మాటే వాడతారు. ‘మిమ్మల్ని ఇబ్బంది పెట్టాను’ అన్న భావం మూడు చోట్లా ఉంది కనుక, అర్థాన్ని కాక సందర్భాన్ని గుర్తుపెట్టుకోండి. ‘ఒహయో గొజైమస్’ అన్న ఉదయపు పలకరింపూ అంతే. స్నేహితుల మధ్య అది ‘ఒహయో’తో ఆగిపోతుంది, పెద్దల దగ్గర ఆగకూడదు.

లిపిని మాత్రం వాయిదా వేయకండి. జపనీస్ లిపుల్లో ఒకటైన హిరగానాలో ప్రాథమిక అక్షరాలు 46 మాత్రమే, పైగా క, స, త, న, హ, మ అంటూ సాగే వాటి వరుసపై సంస్కృత వర్ణక్రమం ప్రభావం ఉంది కాబట్టి మనకు త్వరగానే పట్టుబడుతుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో దీర్ఘాలు తరచుగా జారిపోతాయి. ‘ఒబసన్’ అంటే పిన్ని లేదా అత్త, ‘ఒబాసన్’ అంటే అమ్మమ్మ లేదా నానమ్మ. పిన్నిగారిని అలా పిలిస్తే ఆవిడ నొచ్చుకోవచ్చు! ‘కితె’ అంటే ‘రా’, ‘కిత్తె’ అంటే తపాలా బిళ్ళ. దీర్ఘాలూ ద్విత్వాలూ తెలుగులో ఉన్నవే కనుక, మీ నోట్సు తెలుగులో రాసుకోవడమే మేలని నా అభిప్రాయం.

ప్రశ్న వేయడం మరీ సులువు: ‘మిజు దెస్’ అంటే ‘నీళ్లు’, చివర ‘క’ చేరిస్తే ‘నీళ్లా?’