విద్యార్థుల డిజైన్ ప్రాజెక్టులో ఆన్‌లైన్ యూఎక్స్ (వాడుకరి అనుభవం) సాధనాలను ఎలా వాడాలి?

ముందు ఏం తెలుసుకోవాలో ఒక్క వాక్యంలో రాసుకోండి, సాధనాన్ని ఆ తర్వాత ఎంచుకోండి. "ఈ యాప్ నచ్చిందా?" అని గూగుల్ ఫారంలో వందమందిని అడిగితే నివేదికకు బొమ్మలు దొరుకుతాయి గానీ, డిజైన్‌లో ఒక్క బటన్ కూడా మారదు.

కళాశాల గ్రంథాలయ వెబ్‌సైటును మెరుగుపరుస్తున్నారనుకోండి. ఏయే అంశాలు ఒకచోట ఉండాలో ఆప్టిమల్ వర్క్‌షాప్ అనే సాధనంలో కార్డ్ సార్టింగ్ (అంశాలు రాసిన కార్డులను వాడుకరులే గుంపులుగా చేర్చడం) పెట్టి తెలుసుకోవచ్చు. తయారైన మెనూను ట్రీ టెస్టుతో, అంటే మెనూ పేర్లు మాత్రమే చూపి కావాల్సింది ఎక్కడుందో వెతికించి, పరీక్షించండి. "పుస్తకం ఆలస్యంగా తిరిగి ఇచ్చారు, జరిమానా ఎక్కడ కడతారు?" అన్నప్పుడు సగం మంది 'నా ఖాతా' నొక్కి, మిగతావారు 'సేవలు' నొక్కితే లోపం ఎక్కడుందో ఇట్టే తెలిసిపోతుంది. మెనూలోని మాటలే ప్రశ్నలో వాడితే మాత్రం జవాబు మీరే అందించినట్టు.

ఫిగ్మా అనే డిజైన్ సాధనంలో చేసిన నమూనాను మేజ్ అనే పరీక్షా సాధనంలో పెడితే వాడుకరులు ఎక్కడ తప్పు నొక్కారో కనిపిస్తుంది. ఎందుకు నొక్కారో తెలియాలంటే వీడియో కాల్‌లో స్క్రీన్ చూపిస్తూ మనసులో అనుకునేది పైకి చెప్పమని అడగాల్సిందే. వాడుక సౌలభ్య నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో ఐదుగురు చాలన్నది ఇలాంటి పరిశీలనకే. కార్డ్ సార్టింగుకు ఆయనే 15 మందిని సూచించారు.

చివర్లో కొలమానం కావాలంటే జాన్ బ్రూక్ 1986లో రూపొందించిన పది వాక్యాల ప్రశ్నావళి ఎస్‌యూఎస్ (సిస్టమ్ యూజబిలిటీ స్కేల్) వాడండి. సున్నా నుంచి వంద మధ్య వచ్చినా దాని స్కోరు శాతం కాదు, సగటు 68 దగ్గర ఉంటుంది.

మీ తరగతి మిత్రులతోనే సరిపెట్టకండి, వాళ్లకు డిజైన్ తెలుసు. రికార్డింగుకు ముందే అనుమతి తీసుకోండి. ఉచిత ఖాతాల్లో పరిమితులుంటాయి, లింకు పంపకముందే చూసుకోండి.